మా రోజుల్లో స్టైలంటే మాస్టరే

తిరుపతిలో ఇప్పుడు పిల్లను కరాటేకు చేర్పించబోయేవాళ్ళు ఫీజెంతని అడగడానికి ముందే "ఏ స్టైల్ సార్?" అని అడుగుతున్నారు. షోటోకాన్, గోజు ర్యూ, షిటో ర్యూ, వాడో ర్యూ, క్యోకుషిన్. లీలామహల్ సర్కిల్ నుంచి తిరుచానూరు రోడ్డు దాకా ఏ కరెంటు స్తంభం చూసినా ఒక ఫ్లెక్సీ, దాని మీద కాలు ఆకాశానికెత్తిన ఒక పిల్లోడు, కింద ఒక జపాను పేరు. ఆ పేరు పలకడానికి అడిగేవాళ్ళకే నోరు తిరగదు. అయినా అడుగుతారు. అడక్కపోతే కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి మనల్ని పల్లెటూరోళ్ళని అనుకుంటుందేమోనని భయం.

మా రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. డెబ్భైల చివర్లో, ఎనభైల మొదట్లో చిత్తూరులో మాకు తెలిసిన కరాటే ఒక్కటే. అందులో రకాలుంటాయన్న సంగతే మాకు తెలియదు. మదరాసు నుంచి వేలూరు, వేలూరు నుంచి చిత్తూరు. కొత్త సినిమా వచ్చిన దారి, బెల్‌బాటం ప్యాంటు వచ్చిన దారి, కరాటే వచ్చిన దారీ అదే. వేలూరు బస్సులో ఒక మాస్టరు దిగేవారు. ఆయన వచ్చిన రోజు క్లాసు, రాని రోజు మాలో మాకు కొట్లాట. ఆయన తమిళంలో తిట్టేవారు, జపానులో లెక్కపెట్టేవారు, తెలుగులో ఫీజు అడిగేవారు. మూడూ మాకు బాగానే అర్థమయ్యేవి.

పిచ్చి పట్టించింది మాత్రం బ్రూస్ లీ. 'ఎంటర్ ది డ్రాగన్' 1973 నాటిది. ఆ ఏడాది జూలైలో ఆయన పోయాడు, ఆగస్టులో అమెరికాలో సినిమా విడుదలైంది. మా వైపు టాకీసులకు అది చేరేసరికి ఏళ్ళు గడిచాయి, మాకు మాత్రం మనిషి బతికున్నట్టే. ఆయన ఆడింది కరాటే కాదు. వింగ్‌చున్ అనే చైనా విద్యతో మొదలుపెట్టి, తనే కట్టుకున్న జీత్ కున్ డో అది. ఆ తేడా చెప్పే నాథుడు మా చుట్టుపక్కల లేడు. చొక్కా విప్పి, బొటనవేలితో ముక్కు తుడుచుకుని, ఒక కేక పెడితే అదే కరాటే. ఆ తర్వాత తెలుగులో సుమన్, భానుచందర్ వచ్చారు. ఇద్దరూ నిజంగా నేర్చుకున్నవాళ్ళు కాబట్టి తెర మీద ఎత్తిన కాలు వాళ్ళ కాలే.

మా జేజికి ఇదంతా గిట్టేది కాదు. "మీ తాతలు కర్రసాము చేసినోళ్ళురా. కర్ర పారేసి ఉత్త చేతుల్తో యాడికి పోతావురా?" అనేది. ఆమె లోకంలో యుద్ధమంటే ద్రౌపదమ్మ గుడి ముందు జరిగే భారతం. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖర్న మట్టితో చేసిన దుర్యోధనుడి తొడ మీద భీముడి గద. బలం చూపించాలంటే కనుమ నాడు చంద్రగిరి దగ్గర రంగంపేటకు పోయి, పశువుల పండగలో ఎద్దు కొమ్ములకు కట్టిన పలక గుంజుకురావాలి. అది మగతనం. తెల్ల పైజామా కట్టుకుని గాలిని గుద్దడం ఆమెకు మగతనంగా కనబడేది కాదు.

గుద్దడానికి గాలి ఒక్కటే కాదు, మాకివారా కూడా ఉండేది. నేలలో పాతిన కొయ్యకు పైభాగాన గడ్డితాడు చుట్టి, రోజూ దాన్ని గుద్దాలి. జపానువాళ్ళు వరిగడ్డి తాడు చుడతారు. మేం సరుగుడు గుంజ పాతి టెంకాయ పీచు తాడు చుట్టాం. వేళ్ళ కణుపులు చీరుకుపోయేవి. నిగిరిగామె అని ఇంకొకటి: మట్టికుండ మూతి అంచును వేళ్ళ కొసలతో పట్టుకుని, ఎత్తి, అడుగులు వేయాలి. మావాళ్ళు ఇళ్ళల్లోంచి కడవలు ఎత్తుకొచ్చి ఇసుక పోసి నడిచేవాళ్ళు. పగిలిన కడవకు అమ్మకు జవాబు చెప్పుకోలేక కరాటే మానేసినవాడు కూడా మాలో ఉన్నాడు.

మేం చేస్తున్నది గోజు ర్యూ అని మాకు తెలిసింది చాన్నాళ్ళకు, సర్టిఫికెట్టు మీద అచ్చయిన అక్షరాలు చదివాక. అప్పటికే అది ఒంటికి పట్టేసింది. స్టైలు నచ్చి మాస్టరు దగ్గరికి పోలేదు మేం. మాస్టరు నచ్చాడు, ఆయన వెంట ఏ స్టైలుంటే అది మాదయింది.

ఈ మాటకు జపాను చరిత్రలోనే సాక్ష్యముంది. ఒకినావా దీవిలో పాతకాలంలో స్టైళ్ళకు పేర్లు లేవు. షురి ఊరివాళ్ళ పద్ధతి, నాహా ఊరివాళ్ళ పద్ధతి, తొమారి ఊరివాళ్ళ పద్ధతి అనేవాళ్ళు, అంతే. గిచిన్ ఫునకోషి అనే బడిపంతులు 1922లో టోక్యో వెళ్ళి కరాటే ప్రదర్శించి, అక్కడే నిలిచిపోయాడు. 'షోటో' ఆయన కవితలు రాసుకునేటప్పుడు పెట్టుకున్న కలంపేరు. 1939లో సొంత శిక్షణశాల కడితే శిష్యులు దాని ముందు షోటోకాన్ అని బోర్డు తగిలించారు. ఆయన మాత్రం ఎప్పుడూ తనది ఒక స్టైలని చెప్పుకోలేదు. గోజు ర్యూ సంగతి ఇంకా తమాషా. చోజున్ మియాగి శిష్యుడు ఒకడు 1930 ప్రాంతంలో టోక్యోలో ప్రదర్శన ఇస్తే, మీది ఏ సంప్రదాయమని ఎవరో అడిగారు. ఏం చెప్పాలో తోచక తిరిగొచ్చి గురువుకు చెప్పాడు. మళ్ళీ ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మాట ఉండాలి కదా అని మియాగి గట్టిదనమూ మెత్తదనమూ కలిసిన ఆ పేరు ఖాయం చేశాడు. అంటే 'ఏ స్టైల్ సార్?' అని అడిగే జనం తిరుపతిలో కొత్తగా పుట్టినవాళ్ళు కారు. ఆ రోజు టోక్యోలోనూ ఉన్నారు.

నేను డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పిల్లలు దేన్ని ఎందుకు ఎంచుకుంటారో ఈల చేతిలో పట్టుకుని చూశాను. ఇంటికి దగ్గర కాబట్టి. పక్కింటి పిల్ల పోతోంది కాబట్టి. హాల్లో ఏసీ ఉంది కాబట్టి. యూనిఫారం మీద పులి బొమ్మ ఉంది కాబట్టి. అక్కడ మూడు నెలలకో బెల్టు ఇస్తారు కాబట్టి. స్టైలు తర్వాత సంగతి. పెద్దవాళ్ళకు ఇంకో లెక్క ఉంటుంది: "దీనికి సర్టిఫికెట్టు ఇస్తారా? స్కూల్ గేమ్స్‌కు పనికొస్తుందా? స్పోర్ట్స్ కోటాలో సీటు రావడానికి అక్కరకొస్తుందా?" పిల్లోడు ఇంకా ఎడమ కాలు కుడి కాలు పోల్చుకోలేదు, నాయన అప్పుడే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దాకా వెళ్ళిపోయాడు.

మా మనవరాలు తొమ్మిదో తరగతి. మూడు వీధుల్లో మూడు స్టైళ్ళుంటే వాటిలో గోజు ర్యూలో చేరింది. తాత పరువు నిలబెట్టిందని నేను నలుగురికీ చెప్పుకున్నాను. కారణం అడిగితే 'కోబ్రా కై' చూసిందట! సెల్లులో వచ్చే అమెరికా సీరియల్. అది 1984 నాటి 'కరాటే కిడ్' సినిమాకు కొనసాగింపు. ఆ సినిమాలో ముసలి గురువుకు మియాగి అని పేరు పెట్టింది చోజున్ మియాగిని తలుచుకునే. కథ రాసిన రాబర్ట్ మార్క్ కామెన్ స్వయంగా గోజు ర్యూ నేర్చుకున్నవాడు. ఒకినావాలో పుట్టిన విద్య హాలీవుడ్ మీదుగా తిరుపతిలో మా ఇంటి సోఫా మీదికి వచ్చింది, అదే సోఫాలో ఏళ్ళ తరబడి కూర్చున్న నేను మాత్రం దానికి కనబడలేదు.

సరే, ఎందుకు చేరారన్నది పోనీండి. చేరాక ఎందుకు మానరు? రెండేళ్ళు, మూడేళ్ళు పోయాక కూడా సాయంత్రం అయిదున్నరకు బ్యాగు సర్దుకునే పిల్లలు ప్రతి హాల్లోనూ కొంతమంది ఉంటారు. వాళ్ళను చూడ్డానికి పనిగట్టుకుని నేను నాలుగైదు హాళ్ళు తిరిగాను. రిటైరైనవాడికి ఇంతకంటే పనేముంది?

షోటోకాన్ వాళ్ళు కాళ్ళు బారుగా సాచి, నడుము దించి నిలబడతారు. గుద్దు నేరుగా, దూరంగా పోతుంది. చూడ్డానికి బావుంటుందని ఆ స్టైలంటే గిట్టని నేనే చెప్తున్నాను. పొడుగు కాళ్ళ పిల్లలకు, ఒకచోట నిలవలేని పిల్లలకు అది బాగా పడుతుంది. రెండడుగుల్లో హాలు సగం దాటేస్తారు, ఆ ఊపు వాళ్ళకు కావాలి. మొదట వచ్చే హెయాన్ కటాలు (కటా అంటే అడుగులూ దెబ్బలూ వరసగా కూర్చిన పాఠం) అయిదూ వరసగా ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు ఉంటాయి, నేర్చుకున్నది కంటికి కనబడుతుంది. షిటో ర్యూ పిల్లలు వేరే రకం. మబుని కెన్వా ఇద్దరు గురువుల దగ్గర నేర్చి, ఆ ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి తన స్టైలుకు పేరు పెట్టుకున్నాడు. ఇద్దరి కటాలూ వచ్చి చేరడంతో అందులో యాభైకి పైగా ఉన్నాయి. షోటోకాన్‌లో ఇరవయ్యారు, మా గోజులో పన్నెండే. ఎక్కాలు, పద్యాలు గడగడా ఒప్పజెప్పే పిల్లలకు షిటో ర్యూ పండగ. జిమ్ముకు పోయే కుర్రాళ్ళు క్యోకుషిన్ అంటారు. మాస్ ఒయామా పెట్టిన ఆ స్టైల్లో గ్లౌజుల్లేవు, దెబ్బ నిజంగా తగులుతుంది. చేత్తో మొహం మీద మాత్రం గుద్దకూడదు, కాలితో తలకు తన్నవచ్చు. ఈ నిబంధన విన్న ఒక తల్లి "అట్లయితే మొహానికి ఏం కాదు కదా సార్" అని కొడుకును చేర్పించింది. రెండో సగం ఆమె విన్నట్టు లేదు.

గోజు ర్యూ వాళ్ళు అడుగు దూరంలో నిలబడి పని కానిస్తారు. పట్టుకోవడం, గుంజడం, మోచేత్తో పొడవడం, చేతిని గుండ్రంగా తిప్పి దెబ్బను పక్కకు తోసేయడం. పొట్టివాళ్ళకు, బక్కవాళ్ళకు, కిక్కిరిసిన బస్సులో కాలేజీకి పోయే ఆడపిల్లలకు పనికొచ్చేది ఇదేనని నా వాదన. షోటోకాన్ వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఇన్ని ఫ్లెక్సీలు ఎందుకు?

మాలో సాన్‌చిన్ అని ఒక కటా ఉంది. ముందుకు మూడడుగులు, వెనక్కి తిరగడం, మళ్ళీ అడుగులు. చూసేవాడికి అంతే. చేసేవాడు కాలి వేళ్ళతో నేలను పట్టుకోవాలి, పొట్ట బిగించాలి, ఊపిరి అడుగుపొట్టలోంచి నెమ్మదిగా, చప్పుడుతో వదలాలి. మాస్టరు వెనక నుంచి వచ్చి భుజాల మీద చరుస్తాడు, తొడలు తట్టి చూస్తాడు. మనిషి ఊగితే మళ్ళీ మొదటి నుంచి. నిలబడ్డ చోటునే బనీను తడిసిపోయేది. మా రోజుల్లో నెలల తరబడి అదొక్కటే చేయించారు. కొత్త కటా ఎప్పుడు నేర్పిస్తారని అడిగినవాడికి ఇంకో నెల సాన్‌చిన్. ఇప్పుడు చాలాచోట్ల దాన్ని తొందరగా ముగించేస్తున్నారు. రీలుకు పనికి రాదు మరి. ఊపిరి తీసుకుంటున్న మనిషిని ఎవరు లైక్ చేస్తారు?

ఇదే సణుగుడు మనవరాలి దగ్గర సణిగితే అది ఒక మాటంది. "సాన్‌చిన్ చేసేటప్పుడు ఎవురూ మాట్లాడరు తాతా. బళ్ళో, ట్యూషన్లో, ఇంట్లో అందరూ మాట్లాడతానే ఉంటారు. ఆ హాల్లో మాత్రం నా ఊపిరి నాకు వినబడతాది." ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో తరగతి నుంచే పొద్దున ఏడింటికి కూర్చోబెట్టే ఊరిది. ఆ పిల్లకు కావాల్సింది దొరికిన చోట అది కాలు నిలిపింది. దానికి సీరియల్ దారి చూపిస్తే ఏం, నేను చూపిస్తే ఏం? అని దాని నాయనమ్మ అంటుంది. నేను అనను.

బెల్టుల సంగతి చెప్పకుండా ఈ వయసులో ఎవరైనా కరాటే గురించి మాట్లాడగలరా? కరాటే పుట్టినప్పుడు బెల్టు లేదు. జూడో పెట్టిన జిగోరో కానో దగ్గరి పద్ధతి తీసుకుని ఫునకోషి 1924లో మొదటిసారి నల్లబెల్టులు ఇచ్చాడు. రంగుల బెల్టులు ఇంకా తర్వాత ఐరోపాలో జూడో నేర్పినవాళ్ళ నుంచి వచ్చాయి. తెల్లబెల్టు ఉతక్కుండా వాడీ వాడీ నల్లబడితే అదే బ్లాక్‌బెల్టు అని ప్రతి మాస్టరూ ఒక కథ చెబుతాడు. అది కథే. కానీ ఆ కథలో ఉన్న ఓపిక ఇప్పుడు హాల్లో లేదు. మూడు నెలలకో గ్రేడింగు, గ్రేడింగుకో ఫీజు, కల్యాణ మండపంలో సభ, ముఖ్య అతిథికి శాలువా, పిల్లకు పసుపు బెల్టు. పసుపు తర్వాత నారింజ, నారింజ తర్వాత పచ్చ. చివరికి ఏడేళ్ళ పిల్లకు నల్లది. ఆ పిల్ల వీధిలో కుక్క మొరిగితే అమ్మ చెంగు పట్టుకుంటుంది.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఈ ఊరు ఒక క్రమం పాటిస్తుంది. బైరాగి వేషం అయ్యాకే బండ వేషం, బండ వేషం అయ్యాకే తోటి వేషం, ఆ పైన దొర వేషం, మాతంగి వేషం. ఒంటికి సుద్ద పూసుకోవడం నామోషీగా ఉంది, నేరుగా దొర వేషం కట్టేస్తానంటే గంగమ్మ ఒప్పుకోదు, ఇంట్లో ముసలామె అసలే ఒప్పుకోదు. అదే ఇంట్లోవాళ్ళు కరాటే మాస్టరు దగ్గరికి పోయి "మా వాడికి ఆరెంజి ఎగరగొట్టి గ్రీన్ ఇచ్చేయండి సార్, సెలవులు అయిపోతున్నాయి" అంటున్నారు. మాస్టరు ఇస్తున్నాడు. ఇవ్వకపోతే పక్కవీధి మాస్టరు ఇస్తాడు.

మా కాలంలో అంతా పత్తిత్తులమని చెప్పను. బడి వార్షికోత్సవం వస్తే మేమూ బంగాళా పెంకులు పగలగొట్టినవాళ్ళమే. పెంకులు ముందురోజు ఎండలో పెట్టి ఆరబెట్టేవాళ్ళం, తడి పెంకు పగలదు. పొట్ట మీద బండరాయి పెట్టి సుత్తితో కొట్టించుకునేవాళ్ళం, చేతివేళ్ళ మీద మోటారు సైకిలు ఎక్కించుకునేవాళ్ళం. దాన్ని చూసి మరుసటి రోజు పాతికమంది చేరేవాళ్ళు, నెల తిరిగేసరికి అయిదుగురు మిగిలేవాళ్ళు. 1996లో 'అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి'లో పవన్ కల్యాణ్ డూపు లేకుండా అలాంటి సాహసాలే చేసి చూపించాక తిరుపతిలో కరాటే క్లాసులకు జనం పోటెత్తారు. ఈ ఊళ్ళో ఆ కుటుంబం మీద అభిమానం ఎంతంటే, 2009లో ఆయన అన్న చిరంజీవిని అసెంబ్లీకి పంపింది ఈ నియోజకవర్గమే. పవన్‌కు మద్రాసులో కరాటే నేర్పింది షిహాన్ హుసైని. కమల్ హాసన్ సినిమా 'పున్నగై మన్నన్'తో తెర మీదికి వచ్చిన ఆయన 2025 మార్చిలో చెన్నైలో కన్నుమూశాడు. ఆ కుర్రాళ్ళు ఏ స్టైలని చేరారు? పవన్ స్టైలని. మళ్ళీ చెప్తున్నాను, మనిషిని చూసే చేరారు.

మాస్టర్లు చెప్పే కంచి కథ ఇంకొకటి. కంచి మనకు పక్కనే కాబట్టి, అక్కడి పల్లవ రాజకుమారుడు బోధిధర్ముడు చైనా వెళ్ళి షావోలిన్‌లో నేర్పాడని, అదే కరాటే అయిందని ఇక్కడి మాస్టర్లందరికీ గర్వం. 2011లో సూర్య సినిమా 'సెవెన్త్ సెన్స్' వచ్చాక అది ప్రతి ఫ్లెక్సీ మీదికీ ఎక్కింది. చరిత్రకారులు దీన్ని ఐతిహ్యంగానే చూస్తారు. నాకూ ఇష్టమైన కథే. కానీ బోధిధర్ముడి పేరు చెప్పి ఈ నెల ఫీజు పెంచడం నాకు నచ్చదు.

ఆడపిల్లల విషయంలో మాత్రం నా సణుగుడు మూతబడుతుంది. మా క్లాసులో ఒక్క ఆడపిల్ల లేదు. గోడ మీది నుంచి చూసే చెల్లెళ్ళుండేవాళ్ళు, చూసి తన్నులు తినేవాళ్ళు, మా చేత కాదు, ఇంట్లోవాళ్ళ చేత. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరం తర్వాత దేశమంతా బళ్ళలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ అన్నారు. ఇప్పుడు సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి పేరుతో ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బళ్ళలో మూడు నెలలు నేర్పుతున్నారు. అక్కడ స్టైలు ఎంచుకునే ప్రశ్నే లేదు. వచ్చిన మాస్టరుకు ఏది వస్తే అది. మా చిత్తూరు రోజులే మళ్ళీ వచ్చాయి. ఫ్లెక్సీ లేదు, ఏసీ లేదు, బడి మైదానంలో చున్నీ నడుముకు బిగించుకుని గుద్దుతారు. మూడు నెలలు సరిపోవు, ఊపు అందుకునేసరికి ఆగిపోతుంది. ఏడాది పొడుగునా పెట్టమని అడగాల్సినవాళ్ళం మనమే. బడిలో కరాటే వింతేమీ కాదు. ఇతోసు అంకో అనే పెద్దాయన ఒకినావాలో 1901లోనే దాన్ని బడి డ్రిల్లులో పెట్టించాడు, పిల్లలకు సులువుగా ఉండాలని చిన్న కటాలు కట్టాడు. ఫ్లెక్సీ పిల్లలు ఇప్పుడు చేసే హెయాన్‌లు అవే. డ్రిల్లు మాస్టర్లను చిన్నచూపు చూసేవాళ్ళు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

పోటీల గోల చూస్తే నవ్వొస్తుంది. ప్రపంచ కరాటే సమాఖ్య జాబితాలో 102 కటాలున్నాయి, పోటీకి దిగినవాడు ఏ స్టైలు కటా అయినా చేయవచ్చు. ఇద్దరు తలపడే కుమితేలో గుద్దుకు ఒక పాయింటు, నడుము పైకి తన్నితే రెండు, తలకు తన్నితే మూడు. గెలిచేవాళ్ళు స్టైలు చూసుకోరు, పాయింటు చూసుకుంటారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి కరాటే పెట్టారు. మగవాళ్ళ కటా బంగారం ఒకినావా వాడైన రియో కియునాకు వచ్చింది. ఆయనది ఈ ఫ్లెక్సీల మీద ఎక్కడా కనిపించని ర్యూయెయ్ ర్యూ అనే చిన్న స్టైలు. ఆడవాళ్ళలో స్పెయిన్‌కు చెందిన సాండ్రా శాంచెజ్ ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో గెలిచింది. ఆ వయసుకు మన దగ్గర ఆడవాళ్ళు పిల్లల్ని క్లాసులో దింపి బయట స్కూటీ మీద కూర్చుంటున్నారు. ప్యారిస్ ఒలింపిక్స్ నాటికి ఆట తీసేశారు కూడా. మన దేశంలో సంఘాల తగువు వేరే: ఏది అసలుదో తేలక, 2020లో ప్రపంచ సమాఖ్య మన దేశ సంఘానికి గుర్తింపు నిలిపేసింది. వీధిలో మాత్రం ప్రతి సంఘమూ ఆలిండియానే. 2022 ఏప్రిల్లో మా పాత చిత్తూరు జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లోకి విడిపోయింది, జిల్లా ఛాంపియన్లూ మూడింతలయ్యారు.

ఇంతా సణిగాక నా తీర్పు చెప్పేస్తాను. పిల్లకు ఇష్టమైన స్టైలంటూ మొదట ఏదీ ఉండదు. ఒక మాస్టరు గొంతు, ఒక హాలు, పక్కన నిలబడే ఇద్దరు స్నేహితులు ఉంటారు. ఆ మూడూ కుదిరితే ఒళ్ళు మెల్లగా ఆ స్టైలు పలుకుతుంది, అప్పుడు పిల్ల ఇదే నా స్టైలంటుంది, జీవితాంతం దాని కోసం వాదిస్తుంది, నేను వాదించినట్టు. ఆ మూడూ కుదరకపోతే మియాగి దిగొచ్చి నేర్పినా రెండో నెల బ్యాగు అటక ఎక్కుతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. స్టైలు అడక్కండి, బెల్టు ఎన్నాళ్ళకు వస్తుందని అసలే అడక్కండి. డబ్బు కట్టక ముందు ఒక సాయంత్రం పోయి హాల్లో గోడ పక్కన కూర్చోండి. కూర్చోనివ్వకపోతే అక్కణ్ణుంచే తిరిగొచ్చేయండి. కూర్చోనిస్తే ఆఖరి వరసలో తప్పు చేస్తున్న పిల్ల మీద కన్నేసి ఉంచండి. మాస్టరు ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్ళి కాలు సరిచేస్తే చేర్పించండి. ముందు వరసను వీడియో తీయించుకుంటూ ఉంటే పక్కవీధిలో ఇంకో హాలుంది, అక్కడికి పోండి.